కొలువు తీసేశాక రైలు ఎక్కడ ఆగాలి?

ప్రతి దసరాకీ మా ఇంట్లో కొలువు మెట్ల ముందు పార్కు కడతాం. అందులో ఒక పోలీసు బొమ్మ ఉంటుంది. పక్కనున్న బస్సు ఆయన మోకాలి ఎత్తు కూడా రాదు. కొండ మీది గుడికంటే గుడి ముందున్న జింక పెద్దది. వీటన్నిటి చుట్టూ ఒక బ్యాటరీ రైలు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. కిందటి దసరాకి అవ్వని అడిగాను: “అవ్వా, ఈ పోలీసు ఆ బస్సు ఎట్ల ఎక్కతాడు?” అవ్వ మెంతి మొలకలు సర్దుతూనే, “బొమ్మలకి కొలతలేందే? ఎవరి సైజు వాళ్ళది” అనింది.

ఆ కొలత ఒక్కటి పెట్టుకుంటే అవ్వ కట్టే పార్కుకి ఇంకో పేరుంది: మోడల్ రైల్వే. ఇది విదేశీ మగపిల్లల ఆట అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఏడాదిగా చెయ్యి పెట్టి చూశాక నా అభిప్రాయం మారింది. ఇందులో చేతిపని అంతా మన ఇళ్ళలో ఉన్నదే. మనకి లేనిది వేరే ఒకటుంది. దాని గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కొలత సంగతి. మోడల్ రైళ్ళలో ఎక్కువ వాడుకలో ఉన్న నిష్పత్తి 1:87. దాన్ని హెచ్‌ఓ అంటారు. అసలు రైల్లో 87 సెంటీమీటర్లు ఉన్నది బల్ల మీద ఒక సెంటీమీటరు అవుతుంది. ఇంకా చిన్నది కావాలంటే ఎన్ అనేది ఉంది. దాని నిష్పత్తి 1:160, పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. మన పెరంబూరు ఐసీఎఫ్‌లో 1955 నుంచి పెట్టెలు తయారవుతున్నాయి కదా, ఆ పాతరకం పెట్టె పొడవు 21 మీటర్లకి పైనే. హెచ్‌ఓలో అది ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే మన బ్యాగులో ఉండే స్కేలుబద్ద కంటే పొట్టి. మనిషి బొటనవేలి గోరంత ఉంటాడు. పట్టాల కింద పోసే అయిదు సెంటీమీటర్ల కంకర రాయి అర మిల్లీమీటరు దాటి కాస్త ఉంటుంది. అంటే బొంబాయి రవ్వంత. ఇంత లెక్క తెలిశాక ఏ ఆడపిల్లయినా ఏం చేస్తుంది? వంటింట్లోకి వెళ్ళి జల్లెడ తెస్తుంది. నేనూ అదే చేశాను. ఇసుక జల్లించి, పట్టాల మధ్య పరిచి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి, చుక్కచుక్కగా పోశాను. సబ్బు లేకపోతే జిగురు ఇసుక మీదే ముత్యాల్లా నిలుస్తుంది, లోపలికి దిగదు.

మిగతా సామాను కూడా అలాంటిదే. స్టేషన్ గోడలకి పాత పెళ్ళిపత్రికల అట్ట. మన ఊళ్ళో పెళ్ళిపత్రికలు ఎంత మందంగా వేస్తారో తెలుసు కదా! తంతి స్తంభాలకి కాలిపోయిన అగరుబత్తి పుల్లలు. స్లీపర్లకి అగ్గిపుల్లలు. మట్టికి ఎండబెట్టిన టీ పిప్పి. కొత్త పెట్టె కొత్తగా మెరిస్తే బొమ్మలా కనిపిస్తుంది కాబట్టి దానికి దుమ్ము, తుప్పు పుయ్యాలి. విదేశాల్లో ఈ పని చేసేవాళ్ళు కూడా ఐ షాడో వాడతారు. నేను పొగ మరకలకి కాటుక వాడాను. ముగ్గు వేసే చేతికి సన్నగీత గియ్యడం వచ్చు. జాకెట్టు కుట్టే చేతికి అట్టని మడతలో కత్తిరించడం వచ్చు. కొలువు పార్కులో అద్దం పెట్టి చెరువు చేసినవాళ్ళకి దృశ్యం కట్టడం వచ్చు. అయినా సామాను కొనడానికి ఒక కొట్టుకి వెళ్ళి పట్టాలు అడిగితే, ఆ కొట్టాయన, “తమ్ముడికా అమ్మా?” అన్నాడు. నాకు తమ్ముడే లేడు.

ఇక రెండో మాట. కొన్న రైలుని కొన్నట్టే తిప్పితే అది ఆటబొమ్మ. మనకి తెలిసిన చోటుగా మార్చుకుంటేనే దానికి విలువ. బజార్లో దొరికేవి ఎక్కువగా ఐరోపా, అమెరికా రైళ్ళు. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, ఎందుకంటే ఆ దేశాల పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1,676. దాన్ని 87తో భాగిస్తే 19.3 దాకా వస్తుంది. అంటే మన పెట్టెని వాళ్ళ పట్టాల మీద నిలబెడితే కింద దాదాపు మూడు మిల్లీమీటర్లు అబద్ధం. కొందరు ఆ అబద్ధంతో సర్దుకుంటారు. ఓపిక ఉన్నవాళ్ళు పట్టాలు విడిగా తెచ్చి, 19.3 కొలిచి, తామే పరుచుకుంటారు. నాకు ఆ ఓపిక ఇంకా రాలేదు.

కానీ ఈ లెక్క చేస్తుంటే ఒక సంగతి తెలిసింది. బీచ్ నుంచి తాంబరానికి 1931లో మొదలైన కరెంటు రైలు మీటర్‌గేజ్ మీద నడిచింది. ఆ మీటర్‌గేజ్ లోకల్ 2004లో ఆగిపోయింది. మీటరుని 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. బజార్లో 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. తేడా అర మిల్లీమీటరే. ఊళ్ళో ఇక లేని రైలు బల్ల మీద ఇంచుమించు నిజంగా సరిపోతోంది.

అందుకే నేను అట్టతో ఆ లోకల్ పెట్టె ఒకటి చేసి అవ్వకి చూపించాను. పెళ్ళికి ముందు అవ్వావాళ్ళు మాంబళంలో ఉండేవాళ్ళు. పెట్టెని చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసి చూసి, “ఇంత శుభ్రంగా యాడుండేది? ఇంకా మురికి పుయ్యి” అనింది. తర్వాత గంటసేపు ఆ బండి గురించే చెప్పింది. ఏ స్టేషన్లో పూలు అమ్మేవాళ్ళు ఎక్కేవాళ్ళో, ఎక్కడ సీటు దొరికేదో, కాలేజీకి పంపమని ఎంత అడిగినా పంపకపోతే ఆ బండి కిటికీలోంచి కాలేజీ పిల్లలని ఎట్లా చూసేదో. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఈ ముక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు. అడగడానికి చేతిలో ఒక అట్టపెట్టె కావాల్సి వచ్చింది.

రైలుతోపాటు వచ్చిన ప్యాకెట్లో మనుషులందరికీ కోటు, టోపీ. ఒక బొమ్మ టోపీ గీకేసి, టిష్యూ కాగితం సన్నగా చించి, జిగురు నీళ్ళలో ముంచి చీర కట్టాను. చేతిలో ఆవగింజల తట్ట పెట్టాను. ఇప్పుడు ఆమె పూలమ్మే ఆమె. స్టేషన్ బోర్డు మీద తమిళం, హిందీ, ఇంగ్లీషు రాశాక నాలుగో వరుసలో తెలుగు కూడా రాశాను. ఇన్ని తరాలుగా ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళం, నా స్టేషన్లో నేనైనా రాసుకోవాలి కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనకి చేతిపని ఉంది, ఓపిక ఉంది. లేనిది చోటు. అంటే గదులు లేవని కాదు, తియ్యమని ఎవరూ అనని ఒక బల్ల లేదని. మోడల్ రైల్వేకి జిగురు రాత్రంతా ఆరాలి. పలక కింద తీగలు కలపాలి. ఈ రోజు ఒక స్తంభం, వచ్చే వారం ఒక చెట్టు, అలా నెలల తరబడి పెరుగుతుంది. మా ఇంట్లో నా బల్ల అంటే భోజనాల బల్లే. రాత్రి ఏడున్నరకి ఎత్తెయ్యాలి. ఎత్తిన ప్రతిసారీ ఒక స్తంభం విరుగుతుంది. అన్న బైకు విడిభాగాలు మాత్రం బాల్కనీలో ఆరు నెలలుగా పడి ఉన్నాయి. వాటిని తియ్యమని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అన్న మీద నాకు కోపం లేదు. ఆ ఆరు నెలల మీదే నా కన్ను.

ఒకసారి ఆలోచించండి. మనకి నేర్పిన కళలన్నీ ఎలాంటివి? ముగ్గు మర్నాటికి చెరిగిపోతుంది. గోరింటాకు పది రోజుల్లో పోతుంది. పూలజడ సాయంత్రానికి వాడిపోతుంది. కొలువు విజయదశమి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టాక ముగిసి, మర్నాడు పాత పేపర్లలో చుట్టుకుని ట్రంకుపెట్టెలోకి పోతుంది. ఇవన్నీ గొప్ప కళలే, కాదనను. కానీ అన్నీ ఎవరికీ అడ్డం రాకుండా చెరిగిపోయేవే. అవ్వ యాభై దసరాలకి యాభై ఊళ్ళు కట్టి ఉంటుంది. ఒక్కటీ మిగల్లేదు. కిందటేడు వచ్చిన ఆలోచన ఈ ఏడు కలపడానికి నిన్నటి ఊరు ఉండాలి కదా. పూణేలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి ఉంది. జర్మనీలో హాంబర్గ్‌లోని మినియేటూర్ వుండర్‌లాండ్ 2001లో తెరిచారు, ఇప్పటికీ కొత్త భాగాలు కలుపుతూనే ఉన్నారు. మా అవ్వకి వాళ్ళలాంటి నేర్పు ఉందని అనను. కానీ పార్కుని తియ్యకుండా వదిలేసి ఉంటే ఏమయ్యేదో మనకి తెలియదు.

దీనికి మూడు అభ్యంతరాలు విన్నాను.

మొదటిది ఖర్చు. నిజమే, మంచి ఇంజను ఖరీదే. కానీ ఇంజను ఒక్కటి చాలు, అదీ పదిమంది కలిసి కొనుక్కోవచ్చు. మిగతాదంతా అట్ట, ఇసుక, ఓపిక. రైలుకి 12 వోల్టుల డీసీ చాలు. వోల్టులు పెంచితే వేగం పెరుగుతుంది, రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది. స్టేషన్ దీపాలకి ఎల్‌ఈడీలు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. రెసిస్టరు పెట్టకుండా కలపకండి, నేను నాలుగు మాడ్చాను.

రెండోది, ఉద్యోగానికి పనికొస్తుందా అని. కావాలంటే దానికీ జవాబుంది. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో ఒక మోడల్ రైల్వే క్లబ్బు పెట్టుకున్నారు. పలక కింద తీగలూ స్విచ్చులూ కలిపిన పిల్లలే తర్వాత అక్కడి తొలి కంప్యూటర్ల దగ్గర చేరారు. ఇప్పుడు అందరూ వాడే ‘హ్యాకర్’ అనే మాట కంప్యూటర్లలోకి వచ్చిన దారి ఆ క్లబ్బుదే. కానీ ఈ జవాబు నాకే పూర్తిగా నచ్చదు. బైకు విప్పుకునే అన్నని ఇది ఉద్యోగానికి పనికొస్తుందా అని ఎవరూ అడగరు. ప్రతి ఇష్టానికీ లాభం రుజువు చూపించాల్సిన పని మనకి మాత్రమే ఎందుకు?

మూడోది మా అమ్మ మాట: “ముక్కలు ముక్కలుగా చేసుకుని మంచం కింద పెట్టుకో.” అదీ ఒక పద్ధతే. ఎన్ నిష్పత్తిలో టీ-ట్రాక్ అని ఉంది. ఒక్కో ముక్క సుమారు 31 సెంటీమీటర్ల వెడల్పు. ఎవరింట్లో వాళ్ళు చేసుకుని, కలిసినప్పుడు పక్కపక్కన పెట్టి పట్టాలు తగిలిస్తే రైలు అన్ని ఇళ్ళ మీదుగా పోతుంది. ఇంట్లో ఇలా మొదలుపెట్టమనే నేనూ చెబుతాను. అమ్మకి కృతజ్ఞతలు. కానీ మంచం కింద చోటు ఉంది కదా అని మంచం మీద చోటు అడగడం మానకూడదు.

అందుకని మన విభాగానికి నా విన్నపం ఇది. ప్రతి ఏడూ నవరాత్రికి ఇక్కడ కొలువు పెడతాం. ఈసారి పార్కు బదులు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 పొడవు ఉన్న ఒక పలక మీద రాయపురం స్టేషన్ కడదాం. దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో బయల్దేరింది అక్కడినుంచే. ఆ పాత కట్టడం ఇంకా నిలబడి ఉంది, బస్సెక్కి వెళ్ళి చూసి రావచ్చు. స్తంభాలు లెక్కపెట్టాలి, కిటికీలు గీసుకోవాలి, తలుపు ఎత్తు మన ఎత్తుతో పోల్చుకోవాలి. ఎన్ నిష్పత్తి అయితే ఆ పలక మీద రైలు గుండ్రంగా తిరగడానికి కూడా చోటు సరిపోతుంది. పోలీసు బొమ్మ కూడా ఉంటాడు, ఈసారి బస్సు ఎక్కగలిగేంత ఎత్తులో.

విజయదశమి అయ్యాక బొమ్మలని మామూలుగానే పేపర్లలో చుట్టి లోపల పెడదాం. పలకని మాత్రం వెనక బీరువాల పక్క మూలలో అలాగే ఉంచనివ్వమని అధ్యాపకులని అడుగుదాం. మేం చదువు ముగించి వెళ్ళాక వచ్చే చెల్లెళ్ళు దానికి బేసిన్ బ్రిడ్జి కలుపుతారో, ఇంకేం కలుపుతారో వాళ్ళ ఇష్టం. మొదట్నించి మొదలుపెట్టే పని మాత్రం వాళ్ళకి ఉండకూడదు.

ఒప్పుకునేవాళ్ళు ఈ కాగితం కింద పేరు రాయండి. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో రాయండి, వచ్చే సంచికలో మాట్లాడుకుందాం. పేరు రాసినవాళ్ళు శుక్రవారం వచ్చేటప్పుడు కత్తెర, పాత పెళ్ళిపత్రికలు తెచ్చుకోండి. కొలత టేపు నా దగ్గర ఉంది.