సర్వర్ చెప్పేది ముందు చదువుదాం

మన హాస్టల్ నుంచి ఏటా కొందరు కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్నారు. సంతోషం. అయితే అందరి చూపూ ఒక్కవైపే ఉంటోంది: ప్రోగ్రాం రాయడం నేర్చుకోవాలి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కొట్టాలి. ఆ ప్రోగ్రాంను రాత్రింబవళ్లు నడిపే సర్వర్‌ను చూసుకునే పని ఇంకొకటుంది. ఇక్కడే చదివి, నేడు ఆ పనిలో ఉన్న మేం కొందరం కలిసి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు పునాది వేశారు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆ పద్ధతిలోనే లినక్స్ కెర్నల్ రాసి లోకానికి పంచాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాధనాలు దానికి తోడయ్యాయి. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 మేటి సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. అదే లినక్స్‌ను పైసా తీసుకోకుండా, లోపలి కోడ్‌తో సహా మన చేతికిస్తారు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడకుండా మొదలుపెట్టగల చదువులు ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?

అయితే కమాండ్లు బట్టీ పడితే ఈ పని రాదు. సర్వర్ చెప్పేది చదవడం రావాలి. ఎక్కడ చూసినా ఒకటే అలవాటు: ఆగిపోతే రీస్టార్ట్ కొట్టడం. రీస్టార్ట్‌తో ఒక్కోసారి జబ్బు దాగుతుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. వెబ్‌సైట్ ఆగింది. రీస్టార్ట్ చేసినా లేవలేదు. ‘డీఎఫ్’ అని అడిగితే డిస్క్ నూటికి నూరు శాతం నిండిందని తెలుస్తుంది. ‘డీయూ’తో వెతికితే లాగ్ ఫైలొకటి కొండలా పెరిగి కనిపిస్తుంది. తొందరపడి దాన్ని చెరిపేస్తారు. చిత్రం, ఖాళీ రాదు! ఎందుకంటే ఆ ఫైలును తెరిచి పట్టుకున్న ప్రోగ్రాం ఇంకా వదల్లేదు. అది వదిలేదాకా లినక్స్ ఆ స్థలాన్ని తిరిగి ఇవ్వదు. ఎవరు పట్టుకున్నారో ‘ఎల్ఎస్ఓఎఫ్’ చెబుతుంది. ఆ ఒక్క సర్వీసును మళ్లీ మొదలుపెడితే చాలు. తర్వాత ‘లాగ్‌రొటేట్’ సరిచేస్తే ఆ ఫైలు మళ్లీ అలా పెరగదు. ఇక్కడ తెలివికన్నా ఓపికతో పని. లాగ్‌లోని ఇంగ్లీషు చూసి భయపడనక్కర్లేదు. తిరిగితిరిగి వచ్చేవి కొన్ని వందల మాటలే. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు అవి కొన్ని నెలల్లో పట్టుబడ్డాయి.

‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే చాలామంది 777 కొట్టి అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తారు. తాళంచెవి తిరగడం లేదని ట్రంకు పెట్టె మూత పీకేసినట్టు ఉంటుంది అది. ఫైలు ఎవరిది, ఎవరికి ఏ హక్కు కావాలి అని ముందు అడగాలి.

బ్యాకప్ సంగతి మరీ ముఖ్యం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్‌లు అసలు జరగడమే లేదు, విఫలమయ్యాయని చెప్పే మెయిళ్లు కూడా అందలేదు. ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన నకలు ఒకటి దొరికి గండం గడిచింది. ఆ సంస్థ జరిగిందంతా దాచకుండా లోకానికి చెప్పింది. తిరిగి పెట్టి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనుకోకూడదని అందరూ నేర్చుకున్నారు.

మరి మన పిల్లలు ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? మా రోజుల్లో కంప్యూటర్ గదికి తాళం ఉండేది. ‘పాడుచేస్తారు’ అనేవారు. మా మాట ఒకటే: ఒక్క కంప్యూటరైనా పిల్లలు పాడుచేసుకోవడానికి ఇవ్వండి. గ్రాఫిక్స్ లేకుండా డెబియన్ వేసుకుంటే 1 జీబీ ర్యామ్ ఉన్న పాత 64 బిట్ యంత్రం చాలు. రూట్ పాస్‌వర్డ్ అందరికీ పంచకండి, ఒక్కొక్కరికి సొంత ఖాతా, ‘సుడో’ హక్కు ఇవ్వండి. ఎవరు ఏ పని చేశారో లాగ్‌లో ఉంటుంది. పాడైతే వాళ్లే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ రోజు నేర్చుకున్నది ఏ క్లాసులోనూ దొరకదు.

క్లౌడ్ వచ్చింది, అడిగితే ఏఐ కమాండ్ రాసిస్తోంది, ఇంకా ఇవెందుకని కొందరు అంటారు. క్లౌడ్‌లో అద్దెకిచ్చే సర్వర్లలోనూ ఎక్కువగా నడిచేది లినక్సే. ఏఐ కమాండ్ రాసివ్వగలదు, కానీ ఎంటర్ నొక్కాక జవాబు చెప్పుకోవలసింది మనమే. ఆ కమాండ్ ఏం చేస్తుందో చదివి చెప్పగలిగిన వాళ్లకే సర్వర్ అప్పగిస్తారు.

పూర్వ విద్యార్థులకు మా మనవి. వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకుని వెళ్లడంతో సరిపెట్టవద్దు. ఇంట్లో మూలనపడ్డ కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇవ్వండి. నెలకొక ఆదివారం వచ్చి పిల్లల పక్కన కూర్చోండి. కీబోర్డు మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉండనివ్వండి.