ఒక్క ఏడాదికే పాస్ మార్కులా?

2021 ఫిబ్రవరిలో హైదరాబాదు మెట్రో రైల్లో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా ఒక గుండెను తీసుకెళ్ళారు, గుర్తుందా? టీవీల్లో ఒకటే హడావుడి. మంచిదే, ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఒక ప్రాణం నిలబెట్టాలని పరిగెత్తినవాళ్ళందరికీ దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ తర్వాతేంటి? అవయవం పెట్టించుకున్నవాళ్ళు ఐదేళ్ళకి, పదేళ్ళకి ఎలా ఉన్నారో ఏ ఛానెలూ చెప్పదు.

సరే, ఛానెళ్ళని వదిలేద్దాం, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. నా గొడవ అసలు పరిశోధన చేసేవాళ్ళతో. ట్రాన్స్‌ప్లాంట్ రోగులు వేసుకునే మందుల మీద జరిగే ట్రయల్స్ కూడా చాలావరకు ఏడాది లెక్కతోనే తీర్పు చెప్పేస్తున్నాయి!

కొంచెం వెనక్కి వెళ్దాం. వేరేవాళ్ళ కిడ్నీ పెడితే మన ఒళ్ళు దాన్ని శత్రువనుకుని దాడి చేస్తుంది. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన కిడ్నీ మార్పిడి నిలబడిందంటే కారణం, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ అచ్చుగుద్దినట్టుండే కవలలు. అందరికీ కవలలెక్కడ దొరుకుతారు? కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచిపెట్టే మందులు వేసుకోవాలి, ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ. 1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కి అనుమతి వచ్చింది, తర్వాత టాక్రోలిమస్ వచ్చింది. ఇవాళ మంచి ఆసుపత్రుల్లో నూటికి తొంభైకి పైగా కొత్త కిడ్నీలు మొదటి ఏడాది దాటేస్తున్నాయి. ఆ ఘనత ఈ మందులదే, కాదనను.

తిరకాసంతా ఆ తర్వాతే. ఈ రెండు మందులూ రిజెక్షన్‌ని ఆపుతాయి, కానీ ఏ కిడ్నీని కాపాడాలో ఆ కిడ్నీనే ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా దెబ్బతీస్తాయి. కంచే చేను మేసినట్టు! పైగా షుగరు, బీపీ, ఇన్ఫెక్షన్లు, కాన్సర్ల భయం. మా ఫీల్డులో మెమరీ లీక్ అనేది ఒకటుంటుంది. రిలీజు రోజున సర్వరు గుర్రంలా పరిగెడుతుంది, డెమో చూసి మేనేజరు చప్పట్లు కొడతాడు. నలభయ్యో రోజు అర్ధరాత్రి చతికిలపడుతుంది. ఒక్కపూట టెస్టింగ్ చేసి పాస్ అని రాసేసిన టీములో మీరెప్పుడైనా ఉండి ఉంటే నా ఏడుపు మీకర్థమవుతుంది.

బెనిఫిట్ అనే ట్రయల్ సంగతి చూడండి. 666 మంది కిడ్నీ మార్పిడి రోగులు. కొందరికి సైక్లోస్పోరిన్, మిగతావాళ్ళకి కొత్త మందు బెలటాసెప్ట్ రెండు రకాల మోతాదుల్లో (ఇది మాత్ర కాదు, సెలైన్‌లాగా నరంలోకి ఎక్కిస్తారు). ఏడాది తిరిగేసరికి రిజెక్షన్ సైక్లోస్పోరిన్ వాళ్ళలో 7 శాతం, బెలటాసెప్ట్ వాళ్ళలో 17, 22 శాతం. రిజెక్షన్ ఒక్కటే లెక్కేస్తే కొత్త మందు ఢమాల్. కానీ అదే మనుషుల్ని ఏడేళ్ళపాటు గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. చనిపోయే లేదా కిడ్నీ పోగొట్టుకునే ప్రమాదం బెలటాసెప్ట్ వాళ్ళలో 43 శాతం తక్కువ! కిడ్నీ వడపోతను చూపే అంకె సైక్లోస్పోరిన్ వాళ్ళలో 45 దగ్గరుంటే వీళ్ళలో 70 పైన. ఏడాదికే దుకాణం కట్టేసి ఉంటే ఈ సంగతి ఎవరికి తెలిసేది?

అలాగని బెలటాసెప్ట్ అమృతం అనట్లేదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అంతకుముందు సోకనివాళ్ళకి అది ఇవ్వకూడదు, లింఫోమా లాంటి జబ్బులొచ్చే ప్రమాదం ఎక్కువ. పైగా ఇక్కడ పోటీ పెట్టింది పాత సైక్లోస్పోరిన్‌తో, ఇప్పుడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్‌తో కాదు. నా గోల మందు గురించి కాదు, కొలబద్ద గురించి.

"పదేళ్ళ ట్రయల్‌కి ఎవడు డబ్బు పెడతాడు, అప్పటిదాకా రోగులు ఆగాలా?" అంటారు. ఆగమని ఎవరన్నారు బాబూ? ఏడాది ఫలితాలు చూసే అనుమతి ఇవ్వండి. కానీ అదే మనుషుల లెక్క పదేళ్ళదాకా చెప్పి తీరాలని షరతు పెట్టండి. చెప్పకపోతే అనుమతి పీకేయండి.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. అమెరికా, యూరప్ ట్రయల్స్‌లో మనకున్నంత టీబీ ఉండదు. టీబీకి వాడే రిఫాంపిసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ని ఒక్కసారిగా పడగొట్టేస్తుంది, డోసు పెంచుకుంటూ మళ్ళీ మళ్ళీ రక్తపరీక్షలు చేయించాలి. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని అక్కడి కరపత్రాల్లో రాస్తారు. మనూళ్ళలో అదెవరు తింటారండీ? దానికి తల్లి వరసయ్యే పంపర పనస కూడా తినకూడదని కదా చెప్పాల్సింది! మన ఒళ్ళు, మన జబ్బులు, మన తిండి మీద ఏళ్ళ తరబడి తీసిన లెక్కలు కావాలి మనకి.

ఆ లెక్కలు లేవా అంటే, ఉన్నాయి. మా బాబాయి తొమ్మిదేళ్ళుగా టాక్రోలిమస్ వేసుకుంటున్నాడు. ప్రతి క్రియాటినిన్ రిపోర్టూ, డోసు మారిన ప్రతి చీటీ మా పిన్ని బట్టల షాపు కవర్లో తారీఖుల వారీగా దాచింది. రెండో ఏడు దాటాక ఆపరేషన్ చేసిన ఆసుపత్రి (పేరెందుకులెండి) నుంచి ఒక్కరు కూడా ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగలేదు. ఆ కవర్లోవన్నీ ఎక్సెల్ షీట్లోకి ఎక్కించడానికి నాకు ఒక్క ఆదివారం పట్టింది. అంతంత ఐటీ డిపార్ట్‌మెంట్లు పెట్టుకున్న ఆసుపత్రులకి ఏం కష్టం?