బంతి పోయిన పిమ్మట

బంతిని తమ వశమందే యుంచుకొనుట, పోయినచో ప్రత్యర్థుల గోలుకడనే పైబడి లాగికొనుట: ఈ పద్ధతిని మన బాలురు మిక్కిలి మెచ్చుచున్నారు. కాని వా రనుకరించునది మొదటి సగమే. అది చాలదని మా యభిప్రాయము.

1974 జూలై 7వ తేదిని మ్యూనిక్ నగరమున ప్రపంచకప్పు తుదిపోటీ జరిగెను. పశ్చిమ జర్మనీవారి కాలికి బంతి తగులకమునుపే డచ్చివారు పెనాల్టీ సంపాదించి గోలు చేసిరి. పిమ్మట రెండవ గోలునకై తొందరపడక బంతిని తమలోఁ ద్రిప్పుకొనుచుఁ గాలము గడపిరి. తుదకు 2-1 గా నోడిరి.

2008 మొదలు 2012 వఱకు గ్వార్డియోలా శిక్షణలో బార్సిలోనా జట్టు రెండవ సగమునుగూడఁ జూపెను. బంతి పోయిన క్షణముననే చెంతనున్న మువ్వురు నలువురు దానిపై నుఱుకుదురు; అన్ని గోలులు కొట్టిన మెస్సీయు నుఱుకవలసినదే. ప్రత్యర్థి తలయెత్తి చూచుకొనులోపల బంతి మరల తమదగును. ఇందపాయము లేకపోలేదు. వెనుకటివారును మధ్యగీతదాఁక ముందుకు వచ్చియుందురు గనుక, ఒక్కఁడు సోమరియై నిలిచెనా, వారి వెనుక మైదానమంతయు ఖాళీయే!

కావున జట్టు నెన్నుకొను పెద్దలు గోలుల లెక్కతోపాటు, బంతి పోయినపు డెవఁడు పరుగిడెనో యదియుఁ జూడవలెనని కోరుచున్నాము. మాలో నట్టివాఁ డొకఁడున్నాఁడు. గోలొక్కటియుఁ గొట్టనందున నిరుడు పదునొకండ్రలో వానికిఁ జోటు దొరకలేదు.