బియ్యం సరే, పప్పు మాటేమిటి?

2023 జులై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. ఆ వార్త వచ్చిన రెండు రోజులకే అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు మన వాళ్ళు బారులు తీరారు. కొన్ని చోట్ల మనిషికి ఒక్క బస్తా అని బోర్డు పెట్టారు. ఆరంకెల జీతాలవాళ్ళం, సోనా మసూరి దొరకదేమోనన్న భయంతో ట్రాలీలు తోసుకున్నాం. తప్పని అనడం లేదు. ధర పెరుగుతుందంటే ఎవరైనా చేసేది అదే. కాకపోతే, నెలకి పదిహేను వేలు సంపాదించే ఇంట్లో ఆ భయం ప్రతి నెలా ఉంటుందన్న సంగతి మనకి ఎంతవరకు గుర్తుంటుంది?

ప్రవాసాంధ్రుల సమావేశాల్లో రేషను బియ్యం మాట వస్తే చాలు, "ఊరికే ఇచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు" అనే వారు కనీసం ఇద్దరుంటారు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడూ ఇదే మాట అన్నారు. తర్వాత ధర మూడున్నరకీ, ఐదుంపావుకీ పెరిగింది. 2008లో వై.ఎస్. మళ్ళీ రెండుకి తెచ్చారు, 2011లో కిరణ్ కుమార్ రెడ్డి రూపాయి చేశారు. 2013 ఆహార భద్రతా చట్టంతో అది దేశమంతటా హక్కయింది. 2023 జనవరి నుంచి కేంద్రం మనిషికి నెలకి ఐదు కిలోలు ఉచితంగానే ఇస్తోంది. పార్టీలు మారినా ఎవరూ దీన్ని పూర్తిగా ఎత్తేయలేకపోయారు. ఓట్ల కోసమే అనుకున్నా సరే, పేదవాడి కంచంలో ఇంత అన్నం ఖాయంగా పడటానికి కారణం ఈ పథకమే.

అయితే చిక్కంతా అక్కడే ఉంది. మన ప్రభుత్వాలకి ఆకలి అంటే బియ్యమే. ఈ రోజు సామాన్యుడి జేబుకి చిల్లు పెడుతున్నవి బియ్యం కాదు. కందిపప్పు, నూనె, చింతపండు, ఉల్లి, టమాటా, పాలు. మన నూనెలో సగానికి పైగా దిగుమతే. అంటే ఇండోనేషియాలోనో ఉక్రెయిన్‌లోనో ఏదైనా జరిగితే అనకాపల్లిలో పోపు ఖరీదవుతుంది. ఉత్త అన్నం తిని ఎవరూ బతకరు కదా.

ఈ సంగతి గ్రహించిన ప్రయత్నం ఒకటి జరిగింది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మహస్తం' పేరుతో 185 రూపాయలకి తొమ్మిది సరుకులు ఇచ్చారు. కందిపప్పు, పామాయిలు, చింతపండు, కారం, పసుపు, ఉప్పు, పంచదార, గోధుమలు, గోధుమ పిండి. ఆలోచన నూటికి నూరుపాళ్ళు సరైనది. కానీ చింతపండు నల్లగా ఉందనీ, కారంలో ఘాటు లేదనీ ఆడవాళ్ళు సంచులు వెనక్కి ఇచ్చేశారు. కొనుగోలు సరిగ్గా చేసి ఉంటే ఈపాటికి దేశానికే నమూనా అయ్యేది. నాణ్యతని కాంట్రాక్టరుకి వదిలేస్తే ఏమవుతుందో దానికి నమూనాగా మిగిలింది.

నాణ్యత మాట బియ్యానికీ వర్తిస్తుంది. దొడ్డు బియ్యం తినలేక కార్డుదారులు కిలో పదికో పన్నెండుకో అమ్ముకోవడం, అవి పాలిష్ పట్టి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కడం బహిరంగ రహస్యం. 2024 నవంబరులో పవన్ కళ్యాణ్ రేవుకెళ్ళి "సీజ్ ద షిప్" అన్నది అందరం చూశాం. ఓడని ఆపడం కంటే, ఇచ్చే బియ్యం తినేలా ఉంటే అమ్ముకునే అవసరమే తగ్గుతుంది. ఈ విషయంలో తెలంగాణ ఒక అడుగు ముందుకేసింది. సన్న వడ్లకి క్వింటాలుకి 500 రూపాయల బోనస్ ఇచ్చి, 2025 ఉగాది నుంచి రేషనులో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం పోస్తోంది. ఖజానాకి బరువే. కానీ ఆ బరువు రైతు మీద పెట్టలేదు, అది గమనించాలి.

ఎందుకంటే ధరలు తగ్గించడానికి ఢిల్లీకి తెలిసిన సులువైన మార్గం రైతు మెడ మీద కాలు వేయడం. ఉల్లి సంగతే చూడండి. 2023 ఆగస్టులో ఎగుమతి మీద 40 శాతం సుంకం, డిసెంబరులో ఏకంగా నిషేధం, 2024 మే దాకా అదే. అన్నీ ఎత్తేసేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. ఆ సెప్టెంబరులో కర్నూలు మార్కెట్‌లో ఉల్లి కొనేవాడు లేక రాష్ట్ర ప్రభుత్వమే క్వింటాలు 1200కి కొనాల్సి వచ్చింది. టమాటాదీ అదే కథ. 2023 జులైలో కిలో వంద దాటితే కేంద్రం మదనపల్లె నుంచి కొని ఢిల్లీలో సబ్సిడీకి అమ్మింది. సెప్టెంబరుకల్లా కర్నూలు జిల్లాలో రైతులు అదే పంటని రోడ్డు మీద పారబోశారు. ధర పెరిగితే గంటల్లో కదిలే యంత్రాంగం, పడిపోతే వారాలు నిద్రపోతుంది. సామాన్య కుటుంబాన్ని కాపాడాలి, నిజమే. పత్తికొండలో మూడెకరాల రైతుదీ సామాన్య కుటుంబమే కదా!

చేయగలిగినవి లేకపోలేదు. 2014-15 నుంచి కేంద్రం దగ్గర ధరల స్థిరీకరణ నిధి ఉంది. పంట చేతికొచ్చి ధర పడినప్పుడు పప్పులు, ఉల్లి కొని, కరువు నెలల్లో వదలడానికే అది. దాన్ని గట్టిగా వాడాలి. 1999లో మొదలైన రైతు బజార్లు ఉన్నాయి. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిలో కందిపప్పు 160కి అమ్మించింది. ఉన్న ఊళ్ళకి మేలే, మరి రైతు బజారు లేని మండలాల సంగతో? రేషను దుకాణం ప్రతి ఊళ్ళో ఉంది. నెలకి రెండు కిలోల పప్పు, ఒక కిలో నూనె ఏడాది పొడుగునా కచ్చితంగా అక్కడ దొరికితే చాలా ఇళ్ళు ఊపిరి పీల్చుకుంటాయి.

ఇంకొక్క మాట. ఆహార భద్రతా చట్టం కింద ఎంతమందికి ఇవ్వాలో ఇంకా 2011 జనాభా లెక్కలే చెబుతున్నాయి. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు. ఆ తర్వాత పెళ్ళి చేసుకుని వేరుపడ్డ కుటుంబాలు, పల్లె వదిలి హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేరిన వాళ్ళు కార్డు కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. మన సంఘాల మహాసభలకి ఏటా మంత్రులు, ఎమ్మెల్యేలు వస్తూనే ఉంటారు. శాలువా కప్పే ముందు వాళ్ళని అడగండి, మీ నియోజకవర్గంలో కొత్త కార్డు రావడానికి ఎన్ని నెలలు పడుతోందని.