అందరూ తీసుకుంటారా, అన్నా?

మా కామాఠిపురా గల్లీలో అజహరుద్దీన్ పేరెత్తితే చాలు, అన్నలు మీదికొస్తారు. హైదరాబాదోడు, 99 టెస్టులు ఆడినోడు, మనోడు అంటారు. నాకూ ఇష్టమే. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై 2000 డిసెంబరులో బీసీసీఐ ఆయనపై జీవితకాల నిషేధం పెట్టింది. అది చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. సరే, కోర్టు మాట కోర్టుది. నా గొడవ ఆయనతో కాదు, "తీసుకుంటే మాత్రం ఏమైంది, అందరూ తీసుకుంటారు" అనే అన్నలతో.

ఏమైందా? అదే 2000లో దక్షిణాఫ్రికా కెప్టెన్ క్రోనియే బుకీల దగ్గర డబ్బు తీసుకున్నానని ఒప్పుకున్నాడు. ఆ మోసం ఎవరికి? నాకా మీద నిలబడి కూలి దొరికితేనే పొయ్యి వెలిగే మనవాళ్లు, పని మానుకొని, చాల్‌లో ఒక్క టీవీ ముందు ఇరవై మంది ఇరుక్కుని చూసేది నిజమైన ఆట అనుకునే కదా! మేస్త్రీ సిమెంటులో ఇసుక ఎక్కువ కలిపితే దొంగ అంటాం. ఆటగాడైతే "భాయ్" అనాలా?

"అందరూ" అనేదే అబద్ధం. ఆ ఏడాదే సెప్టెంబరులో, సిడ్నీ ఒలింపిక్స్‌లో, మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆఖరిసారి బంగారం కోసం 137.5 కిలోలకు వెళ్లింది. లోకమంతా చూస్తుండగా ఎత్తలేకపోయింది. దానికి ఆమెకెవరూ డబ్బివ్వలేదు, అన్నా.