పట్టుదల ఫీజు కట్టదు

ఏటా ఫలితాలొచ్చే రోజుల్లో జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది, పిల్లాడు సర్కారు హాస్టల్లో చదివి లా సీటు కొట్టాడు. పేదరికం అడ్డు కాలేదని శీర్షిక, పక్కన ఎవరో అధికారి శాలువా కప్పుతున్న ఫొటో. చదివినవాళ్లు ‘కసి ఉంటే ఎవరైనా సాధిస్తారు’ అని తేల్చేసి పేజీ తిప్పేస్తారు. పిల్లాడిని మెచ్చుకోవాల్సిందే. ఆ తేల్చేయడంతోనే నా పేచీ.

ఈ వాదన చేసేవాళ్లు చివరికి అంబేద్కర్ పేరెత్తుతారు. సాతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని, ప్యూన్ కుళాయి తిప్పితే తప్ప దాహం తీరని పిల్లాడు బారిస్టర్ కాలేదా అంటారు. అయ్యారు. ఎలా అయ్యారో కూడా చెప్పాలి కదా! బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలనెలా ఇచ్చిన 25 రూపాయలతో. 1913లో కొలంబియాకు వెళ్లిందీ ఆ సంస్థానం స్కాలర్‌షిప్ మీదే. 1916లో లండన్ చేరి గ్రేస్ ఇన్‌లో న్యాయవిద్య మొదలుపెట్టారు. మరుసటి ఏడే స్కాలర్‌షిప్ గడువు తీరింది, చదువు సగంలో వదిలేసి ఓడెక్కారు. 1917లో ఆయనకు తెలివి తగ్గిందా, కసి చల్లారిందా? ఆగిపోయింది డబ్బు ఒక్కటే. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన జీతానికి కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం, ఒక స్నేహితుడి అప్పు తోడైతే గానీ 1920లో మళ్లీ లండన్ వెళ్లలేకపోయారు. బారిస్టర్ పట్టా 1922లో చేతికొచ్చింది. అంతటి మనిషినే మూడేళ్లు నిలబెట్టేసిన లేమి మామూలు పిల్లల్ని వదిలిపెడుతుందా?

అవి రాజుల రోజులు, ఇప్పుడు అందరికీ అవకాశాలున్నాయి అంటారు. చూద్దాం. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చేరడానికి రాసే క్లాట్‌కు దరఖాస్తు రుసుమే 4,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖ దిగువ అభ్యర్థులకు 3,500. అంటే పేదరికానికి కట్టిన విలువ 500 రూపాయల తగ్గింపు! పరీక్ష ఇంగ్లీషులోనే. మన రాష్ట్రాల లా ప్రవేశ పరీక్ష లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తుంది. అక్కడ పనికొచ్చిన తెలుగు మీడియం బుర్ర హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ గేటు దగ్గర ఎందుకు చాలకుండా పోతుందో ఎవరూ చెప్పరు.

ఏదో ఒక కాలేజీలో సీటొచ్చిందే అనుకుందాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కౌంటర్ దగ్గర వినిపించే మాట తెలిసిందే: ‘సర్కారు డబ్బు పడలేదమ్మా, ముందు మీరు కట్టేసి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి. వచ్చాక తిరిగిస్తాం.’ కట్టగలిగితే ఆ తల్లి స్కాలర్‌షిప్ ఫారం ఎందుకు నింపుతుంది?

పట్టా పుచ్చుకున్నాక మరో గేటు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం న్యాయవాదిగా పేరు నమోదుకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 మాత్రమే. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలకు వేలు గుంజాయి. ఒడిశాలో అది 42 వేలు దాటింది. ఇది చెల్లదనీ, అణగారిన వర్గాల వాళ్లను వృత్తిలోకి రాకుండా చేస్తోందనీ సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పింది. పేదరికం అడ్డు కాదని నమ్మేవాళ్లు ఆ తీర్పు ఒకసారి చదవాలి. న్యాయం చెప్పే వృత్తే చట్టం దాటి పేదవాణ్ణి వాకిట్లో నిలబెట్టింది.

లోపలికొచ్చినా తొలి ఏళ్లు సీనియర్ దగ్గర ఫైళ్లు మోయడమే. జీతం ఆయన దయ. ఆంధ్రప్రదేశ్ 2019లో జూనియర్లకు నెలకు 5,000 రూపాయల భృతి మొదలుపెట్టింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సీనియర్లు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వాలంది. అది సలహా మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవాడు లేడు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాడు కోర్టులో మిగులుతాడు. ఇంటికే డబ్బు పంపాల్సినవాడు మరో ఉద్యోగం వెతుక్కుంటాడు.

అయితే పట్టుదలకు విలువే లేదా? ఎందుకు లేదు! స్కాలర్‌షిప్ వచ్చినా రాత్రుళ్లు కూర్చుని చదవాల్సింది పిల్లలే. కానీ అంతే కసితో చదివి, ఫీజు గడువు దాటి ఇంటికెళ్లిపోయిన పిల్ల గురించి వార్త రాదు. గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి దారి బాగుందనడం అన్యాయం. పైగా ఆ మాట ప్రభుత్వాలకు మహా సౌకర్యం. ఓడినవాడికి కసి చాలలేదంటే బకాయిల గురించి ఎవరూ నిలదీయరు.

స్కాలర్‌షిప్ సొమ్ము విద్యాసంవత్సరం మొదట్లోనే పడాలి. క్లాట్ తెలుగులోనూ రాయనివ్వాలి. జూనియర్ల భృతిని సలహాగా వదిలేయకుండా నిబంధన చేయాలి. ఈ మూడూ చేశాక ఎంతసేపైనా పట్టుదల మీద ఉపన్యాసాలివ్వండి, వింటాం. అప్పటిదాకా ఆ మాట ఎగవేతదారు చెప్పే నీతి.