కాలయంత్రం చేరని రాజప్రాసాదం: ‘ఆదిత్య 369’ – పల్నాటి విజయపురి

తెలుగు వైజ్ఞానిక కల్పనలో రాజప్రాసాదం ప్రస్తావన రాగానే విమర్శకులు 1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వెలువడిన ‘ఆదిత్య 369’ను ఉదాహరిస్తారు. అందులోని విజయనగర ప్రాసాదం చరిత్రను ప్రేక్షకుల కళ్లకు కట్టిందనే ప్రశంస దాదాపు సిద్ధాంతమై స్థిరపడింది. ఈ ప్రశంస పునర్విచారణకు నిలవదు.

చిత్రంలోని కాలయంత్రం 1526 అనే నిర్దిష్ట సంవత్సరాన్ని పేర్కొంటుంది. జానపద చిత్రం ఏ సంవత్సరానికీ కట్టుబడదు కనుక అక్కడ ఎంతటి మేడనైనా కట్టవచ్చు. సంవత్సరం చెప్పిన కల్పన మాత్రం ఆ సంవత్సరానికి జవాబుదారీ అవుతుంది. హంపీ రాజావరణంలో నేడు మిగిలినవి ప్రధానంగా రాతి అధిష్ఠానాలే. వాటిపై లేచిన కలప, ఇటుక, గచ్చు నిర్మాణం నశించింది. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తాను చూసిన అంతఃపురంలో దంతపు పనితనం గల గదిని వర్ణించాడు. ఈ ఆధారాలు ఊహను అడ్డుకోవు, ఆహ్వానిస్తాయి. చిత్రం వాటిని వదలి జానపద చిత్రాల కొలువుకూటాన్నే తిరిగి నిలబెట్టింది. యంత్రం ప్రయాణించింది గతంలోకి కాదు, స్టూడియోలోకి.

వినోదచిత్రాన్ని పురావస్తు నివేదికగా చదవరాదని కొందరు వాదించవచ్చు. ఆ వాదాన్ని చిత్రమే ఖండిస్తుంది. 2504 నాటి లోకాన్ని అది యుద్ధానంతర వినాశనంగా చూపి, మానవుని విజ్ఞానాన్ని నిలదీస్తుంది. భవిష్యత్తును ప్రశ్నించగలిగిన కల్పన రాజప్రాసాదం ముందు ఎందుకు చేతులు కట్టుకోవాలి? ఆస్థానంలో కుట్రలు కనిపించినా అవి వ్యక్తుల దోషాలుగానే మిగులుతాయి. ఆ స్తంభాలను ఎవరు చెక్కారు, ఆ భోగానికి ధనం ఎక్కడిది అనే ప్రశ్నలు తలెత్తవు.

ఈ ప్రశ్నలకు తావిచ్చే ప్రాసాదం పల్నాడులోనే ఉండేది. నడికుడి కూడలిలో చీలిన రైలుమార్గం గురజాల మీదుగా మాచర్ల చేరుతుంది. అక్కడికి సమీపంలోని కృష్ణాలోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసింది. నాగార్జునసాగర్ జలాలు లోయను ముంచకముందు, 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో సాగిన విస్తృత తవ్వకాలలో కోటగోడ, అశ్వమేధవేదిక, మెట్ల వరుసల రంగస్థలం, విహారాలు బయటపడ్డాయి. రాజనివాసం కన్నా దాతల శాసనాలే అక్కడ ఎక్కువ మాట్లాడతాయి. మహాచైత్యానికి రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి దానం చేసింది. శాశ్వతనిధిని తమలపాకుల వర్తకుల శ్రేణి, పిండివంటలవారి శ్రేణి వంటి వృత్తిసంఘాలకు అప్పగించిన శాసనమూ ఉంది. రాజవైభవం వెనుక అంగడివీధి ఉందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఎంపిక చేసిన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి పునర్నిర్మించారు. మిగిలిన నగరం నీటి అడుగున ఉంది. ఆనకట్ట పొలాలకు నీరిచ్చిందన్నది కాదనలేని నిజం. అందుకోసం ఒక రాజధానిని విడిచిపెట్టామన్నదీ అంతే నిజం. కాలయంత్రమనే కల్పనకు నిజమైన అవసరం ఉన్నది ఇక్కడే. శిథిలాలు కనిపించే హంపీకి కాలినడకనైనా వెళ్లవచ్చు, మునిగిన విజయపురికి ఊహ తప్ప మరో దారి లేదు.

ఈ లోపాన్ని ఒక్క చిత్రానికే అంటగట్టడం అన్యాయం. తొలిసారి దారి వేసినవారి సాహసం సాహసమే. దోషం ఆ సెట్టును చరిత్రగా కీర్తిస్తూ వచ్చిన విమర్శది. మెరుపును వైభవమని, వైభవాన్ని చరిత్రని నమ్మించినంత కాలం పల్నాటి విద్యార్థి తన ఊరి పక్కన మునిగిన రాజధానిని వదలి తెరమీది మేడనే పూర్వికుల ఇల్లనుకుంటాడు. వైజ్ఞానిక కల్పనలో ప్రాసాదాన్ని దాని ఎత్తుతో కాక, దాన్ని మోసిన చేతుల లెక్కతో కొలవడం విమర్శ నేర్చుకోవాలి.